సేకరణ శాఖ చెప్పిన అర్థం

ఒక పెద్ద అడవిలో జంతువుల కంటే శాఖలు ఎక్కువ. వాటిలో కొత్తది సేకరణ శాఖ. దానికి అధికారి నక్క, భాషా సలహాదారు చిలుక.

"వానాకాలం ఎవరూ పస్తులుండకూడదు. అందరి గింజలూ ఒకచోట దాచి, వానల్లో పంచుతాం. పదికి ఏడు పాళ్లు తెచ్చివ్వండి," అని నక్క వేసవిలో చాటింపు వేయించింది.

మంగతాయి అనే ఉడుత తొర్ర ఊడ్చి మరీ ఇచ్చింది. "ముగ్గురు పిల్లల తల్లిని సార్. నా వాటా మర్చిపోకండి."

"భలేదానివమ్మా! నీది నీకు కాక ఎవరికిస్తాం?" అంది నక్క.

గింజలన్నీ వాగు ఒడ్డున నక్క గుహలోకి చేరాయి. నక్క గింజలు తినదు. అయినా అధికారికి కావాల్సింది తినడం కాదు, తన దగ్గర ఉండడం.

వానలు పట్టుకున్నాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే మంగతాయి తన వాటా అడగడానికి తడుస్తూ గుహ దగ్గరికి వచ్చింది. వెనకే కుందేళ్లు, నెమళ్లు.

నక్క చిలుక వైపు చూసింది. చిలుక గొంతు సవరించుకుంది.

"సేకరణ అంటే పలుచోట్ల ఉన్నవి ఒకచోటికి చేర్చడం. అంతే. తిరిగి ఇవ్వడం అన్నది ఆ మాటలో ఎక్కడా లేదు."

"ఏరింది మేము, మోసుకొచ్చింది మేము. మీరు చేసిందేమిటండీ?" అంది మంగతాయి.

"మీరు చేస్తే ఏరుకోవడం. షావుకారు చేస్తే పోగేయడం. మేం చేస్తేనే సేకరణ," అంది చిలుక, నక్క పెట్టిన జామపండు కొరుకుతూ.

మర్నాడు వాగు పొంగింది. నీళ్లు గుహ గుమ్మం దాకా వచ్చేశాయి.

"అందరూ రండి! సరుకు మునిగిపోతోంది!" అని నక్క కేకలు పెట్టింది.

మంగతాయి తీరిగ్గా అడిగింది. "ఏరుకోమంటారా, సేకరించమంటారా సార్?"

"సేకరించండి తల్లీ! ఇది ప్రభుత్వ ఆదేశం. త్వరగా!"

"చిలకగారూ, విన్నారుగా?"

చిలుక తలూపింది. చూస్తుండగానే గుహ ఖాళీ అయిపోయింది.

వరద తీశాక నక్క మంగతాయి చెట్టు కిందికి వచ్చింది. పైన తొర్రలో పిల్లలు గింజలు కొరుకుతున్న చప్పుడు.

"ఏదమ్మా సరుకు?"

"ఒకచోటికి చేర్చాం సార్, మా చోటికి. తిరిగి ఇవ్వడం అన్నది ఆ మాటలో ఎక్కడా లేదటగా!"

నక్క పరుగున వెళ్లి చిలుకను పట్టుకుంది. "ఆ అర్థం వెంటనే మార్చెయ్!"

"దానికేం, మార్చొచ్చు," అంది చిలుక. "జామపండేదీ?"

గుహలో దాచిన జామపండ్లు కూడా ఆ సేకరణలోనే పోయాయి.

నీతి: ఊరందరి గింజలు సేకరించే ముందు, పండితుడికి సరిపడా జామపండ్లు సేకరించి పెట్టుకోవాలి.