మిగిలిన నీతి

ఒక జాతి సంస్కారం దాని ఫారాల్లో తెలుస్తుంది. ఆ లెక్కన అమెరికాలో ప్లేనో అనే ఊళ్లోని తెలుగు కళాసౌరభ సమితి 2011 నాటికే సంస్కారంలో శిఖరమెక్కి కూర్చుంది. సాంస్కృతికోత్సవంలో వేదికెక్కదలచినవారు నింపవలసిన ఆన్‌లైన్ ఫారంలో, వదలడానికి వీల్లేదని ఎర్ర చుక్క పెట్టిన గళ్లు ముప్పై ఒకటి. చిట్టచివరిది: ‘అంశంలోని నీతి’.

అనిక అక్కడే ఇరుక్కుపోయింది. యూనివర్సిటీలో ఆమెది ఇంగ్లీషు సాహిత్యం. కళకి నీతితో పనుందా అని విక్టోరియా రాణిగారి చివరి రోజుల్లో నవలాకారులు జుట్టూ జుట్టూ పట్టుకున్న వైనం గురించి పది నిమిషాలు మాట్లాడదామనుకుంది. అసలు కోరిక వేరే. తల్లి విజయశ్రీ రెండేళ్లుగా అందరికీ తన కూతురు కమ్యూనికేషన్స్ చేస్తోందని చెబుతోంది. (అలా చెబితే ఉద్యోగం సంగతి ఎవరూ అడగరు.) తను చదివేదేమిటో అమ్మ ఒక్కసారి ముందు వరసలో కూర్చుని వింటే చాలు, అంతే.

ఆ గడిలో సొంత నీతులు చెల్లవు. సమితి ఆమోదించిన పన్నెండిట్లో ఒకటి ఎంచుకోవాలి, ఒక నీతి ఒక్కరికే. బాలల విభాగం పదకొండింటిని ముందే ఎగరేసుకుపోయింది. (‘పెద్దల మాట వినవలెను’ మొదటి నిమిషంలోనే అయిపోయిందట.) మిగిలింది ‘అబద్ధమాడరాదు’ ఒక్కటే. ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆమె సమితివారి నీతి నిర్ధారణ ఉపసంఘం అధ్యక్షుడు శ్యామ్‌సుందర్‌కి ఫోన్ చేసింది.

"అంకుల్, నా టాక్‌లో మోరల్ లేదు. లేకపోవడమే టాపిక్."

"లేకపోతే ఫామ్ సబ్మిట్ అవదమ్మా. కథ చెప్పు, నేను వెతికిపెడతా."

అనిక ఒక నవల కథ చెప్పింది. చిత్రకారుడొకడు బొమ్మ కోసం ఒక పేదపిల్లని గంటల తరబడి చలిలో నిలబెడతాడు. పిల్ల చచ్చిపోతుంది. బొమ్మ మాత్రం అద్భుతంగా కుదురుతుంది. ఇప్పుడా బొమ్మని మెచ్చుకోవచ్చా, కూడదా?

"చివర్లో వాడు కూడా పోతాడా?"

"పోతాడు. పోకపోతే అప్పటి లైబ్రరీలు బుక్ కొనేవి కాదు అంకుల్."

"చూశావా, వాళ్లకీ ఉపసంఘం ఉంది," అన్నాడాయన తృప్తిగా.

ఉపసంఘం రెండే సవరణలు కోరింది. ఫ్యామిలీ ఆడియెన్స్ గనక పిల్ల చావరాదు, జలుబు చేస్తే చాలు. చిత్రకారుడు చావనక్కర్లేదు గానీ తప్పు దాచకుండా ఒప్పుకోవాలి. అనికకి ఏడుపొచ్చింది. అయినా సరేనంది, అమ్మ వస్తానంది మరి.

ఉత్సవం రోజున జలుబు కథంతా చెప్పి, ఫారంలో లేని మాటొకటి చేర్చింది.

"నేను చదివేది ఇంగ్లీష్ లిటరేచర్. నాకది చాలా ఇష్టం."

హాలంతా చప్పట్లు. ‘అబద్ధమాడరాదు’ అని చెక్కిన జ్ఞాపిక అందుకుని, దిగి వచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. విజయశ్రీ కళ్లు నిజంగానే చెమర్చాయి.

పక్క కుర్చీలోని కృష్ణకుమారి వంగి, మీ అమ్మాయి లిటరేచరా అని అడిగింది.

విజయశ్రీ జ్ఞాపికని కొంగుతో తుడిచింది.

"అబ్బే, అది కథలోదండీ. మా అమ్మాయి చేసేది కమ్యూనికేషన్స్."