ఎనభై ఏడో పేజీలోని పాల మిషను

తాను రాసిన 'ఇంజనీరింగ్ అర్థశాస్త్రం' పుస్తకంలో ఒక్క తప్పు కూడా లేదనీ, ఒకవేళ ఉన్నా అవన్నీ ప్రభుత్వ ఆమోదం పొందిన తప్పులేననీ సాంకేతిక విద్యాశాఖ మంత్రి ఆదినారాయణగారు పుంగనూరు సభలో ప్రకటించారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మదనపల్లెలో ఇంజనీరింగ్ కాలేజీ గేటు ఎదురుగా జిరాక్సు అంగడి నాది. అర్థం కాని పుస్తకానికి నోట్సు కావాలి, నోట్సుకు జిరాక్సు కావాలి. పిల్లలు మంత్రిగారిని తిట్టుకుంటూ వస్తారు, నేను ఆయనకు దండం పెట్టుకుని మిషను ఆన్ చేస్తాను.

మంత్రిగారు ఇంజనీరింగ్ చదవలేదు. అర్థశాస్త్రమూ చదవలేదు. అందువల్లే ఏ పక్షపాతమూ లేకుండా రాయగలిగానని ముందుమాటలో వారే చెప్పుకున్నారు. నాలుగువందల పేజీల ఆ గ్రంథంలో మూడో అధ్యాయం మధ్యలో ఐదో అధ్యాయం మొదలవుతుంది. 'పటం చూడుము' అని పదిచోట్ల ఉంది, పటం మాత్రం ఎక్కడా లేదు. ఇక ఎనభై ఏడో పేజీలో ఒక రైతు పాలు పితికే మిషను కొంటాడు. ఏటేటా దాని విలువలో తరుగు తీసేయాలి కదా, మంత్రిగారు కలుపుకుంటూ పోయారు. పదేళ్లు అరిగి తుప్పుపట్టిన మిషను చివరికి కొన్న ధరకు రెండింతలు పలికింది. మా ప్రాంతంలో సర్కారు కొన్న ఏ వస్తువుకూ ఇంత అదృష్టం పట్టలేదు.

ఈ లెక్కలోనే సింధూజ ఇరుక్కుంది. రామసముద్రం పిల్ల. తల్లి అంజమ్మ రెండు ఆవుల పాలు డెయిరీకి పోసి చదివించింది. కుప్పంలో ఒక కంపెనీ ఉద్యోగం కూడా ఇచ్చింది, జులై దాటకుండా డిగ్రీ కాగితం చూపించాలి. అన్నీ పాసై మంత్రిగారి సబ్జెక్టు ఒక్కటే మిగిలింది. పరీక్షలో పాల మిషను లెక్క వచ్చింది. ఆ పిల్ల సరిగ్గా చేసింది, అందుకని ఫెయిలైంది.

ఆ పిల్ల ప్రిన్సిపాల్ గోవిందస్వామిగారి దగ్గరికి వెళ్తే, జిరాక్సు కాగితాలిచ్చే నెపంతో నేనూ వెంట వెళ్లాను.

"సార్, పదేళ్లు వాడిన మిషను కొన్నదానికంటే ఎక్కువ ఎట్లా పలకతాది?"

"మంత్రిగారి పుస్తకంలో పలకతాండాది కదమ్మా."

"నిజంగా పలకదు కదా సార్."

"నిజం సిలబస్‌లో లేదమ్మా."

ఎంత చదువుకున్న మనిషి, ఎంత వినయం.

ఆ వారమే మంత్రిగారు కాలేజీకి వచ్చారు. సందేహాలుంటే అడగమని మర్యాదకు అన్నారు. సింధూజ నిజంగానే లేచింది.

"సార్, మీ పుస్తకంలో రెండువందల పద్నాలుగు తప్పులు ఉండాయి సార్."

ప్రిన్సిపాల్ కూర్చోమని సైగ చేశారు. మంత్రిగారు మాత్రం నవ్వారు.

"అన్నీ ఎంచినావా?"

"ఎంచినాను సార్."

"నా పుస్తకం నాకంటే నువ్వే ఎక్కువ సదివినావే. అయితే నువ్వే దిద్దమ్మా. ఇది ఏకసభ్య కమిటీ."

'విద్యార్థిని మాటకు చలించిన మంత్రి' అని మర్నాడు పేపర్లో వచ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి.

నెల రోజులు ఆ పిల్ల నా అంగడి బెంచీ మీద కూర్చుని దిద్దింది. తన పరీక్షకు చదువుకోవాల్సిన నెల అది. ఎనభై ఏడో పేజీలో పేరు లేని రైతు ఉన్నాడే, ఆయన్ను కొట్టేసి 'అంజమ్మ' అని రాసింది.

"మా అమ్మ పేరన్నా. ఆ మిషను మేం యాడ కొంటాం, పుస్తకంలోనైనా ఆమెకొకటి ఉండనీ."

రెండో ముద్రణ వచ్చింది. అట్ట మీద మంత్రిగారి ఫోటో పెద్దదైంది. తప్పులన్నీ స్వయంగా ఏరి దిద్దుకున్నానని ముందుమాటలో రాశారు. స్థలం చాలక సింధూజ పేరు వేయలేదట. నాలుగువందల పేజీల్లో పాపం స్థలమెక్కడిది.

సప్లిమెంటరీ పరీక్ష ముందు ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి మంచిమాట చెప్పారు.

"నీది పాత బ్యాచి. నీకు పాత పుస్తకమే వర్తిస్తాది. తెలివి సూపించకుండా దాంట్లో ఎట్లుందో అట్లే రాయి."

తాను దిద్దిన తప్పులన్నీ ఆ పిల్ల మళ్లీ బట్టీ పట్టింది.

"కష్టంగా ఉండాదా?" అన్నాను.

"ఒప్పయితే లెక్కేస్తే వస్తాదన్నా. తప్పు లెక్కకు రాదు, బట్టీ కొట్టాల్సిందే."

రెండువందల పద్నాలుగూ ఒప్పజెప్పింది. నేను పాత పుస్తకం పట్టుకుని సరిచూశాను. ఒక్క తప్పు కూడా తప్పలేదు.

మళ్లీ ఫెయిలైంది. పేపర్లు దిద్దడానికి ముందురోజు రెండో ముద్రణ అమల్లోకి వచ్చిందట. రీవాల్యుయేషన్ పెడితే జవాబు వచ్చింది, దాన్ని నేనే జిరాక్సు తీశాను. 'అభ్యర్థిని జవాబు ప్రామాణిక గ్రంథంతో సరిపోలలేదు. ఎనభై ఏడో పేజీని శ్రద్ధగా చదువుకోవలెను.' ఆ రోజు జులై ముప్పై ఒకటి.

ఆగస్టులో కుప్పంలో మంత్రిగారికి సన్మానం. దోషాలు లేని గ్రంథం రాసినందుకు. సన్మానపత్రం ప్రతులు పంచే పని నాది. కుర్చీలు నిండాలని మా కాలేజీ పిల్లలను, డెయిరీకి పాలుపోసే ఆడవాళ్లను బస్సుల్లో తెచ్చారు. సింధూజా, అంజమ్మా నా ముందు వరుసలో కూర్చున్నారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు.

"నా పుస్తకంలో అంజమ్మ ఉత్త కల్పన కాదు. ఆమెను నేను స్వయంగా కలిసినా. అక్షరం ముక్క రాకపోయినా మిషను విలువ లెక్కగట్టింది. మన పిల్లోళ్లకు అంతమాత్రం తెలీదు. ఈ ఒక్క సబ్జెక్టు గట్టెక్కలేనోళ్లకు ఉద్యోగాలు యాడ నుంచి తెచ్చేది?"

చప్పట్లు మోగాయి. అంజమ్మ కూతురి వైపు వంగింది.

"ఎవురు పాపా ఆయమ్మ? నా పేరే ఉండాదే."

"సార్‌కు తెలిసిన ఆయమ్మంట లేమ్మా."

"పుణ్యాత్మురాలు. ఆయమ్మ బిడ్డలు బాగా సదివింటారు."

సింధూజ సన్మానపత్రాన్ని నాలుగు మడతలు పెట్టింది. అంజమ్మ చప్పట్లు కొడుతూనే ఉంది. ఈసారి మాత్రం నాకు చేతులు రాలేదు.