తొమ్మిది బంగాళదుంపలు

ఆ ఆదివారానికి అసంప్టా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదకొండింటికి చర్చిలో పూజ, ఒంటిగంటకు మైదానం గట్టు మీద నిలబడి భర్త జట్టు ఆట చూడడం, నాలుగింటికి మాంసం, బంగాళదుంపలు, బఠాణీలతో భోజనం. భర్త కోల్మన్ కూడా గట్టు మీదే ఉండాలన్నది అందులో ముఖ్యమైన భాగం. అతనికి నలభై తొమ్మిదేళ్లు. మార్చిలో కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చిన రోజే వంటింట్లో యేసు తిరుహృదయం పటం ముందు నిలబెట్టి, క్లబ్బు జెర్సీ మళ్లీ ఒంటిమీద వేసుకోనని ఆమె అతనిచేత ఒట్టు వేయించుకుంది. ఇప్పుడతను నాక్‌లీన్ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు మేనేజర్ మాత్రమే. బంతిని చేత్తో పట్టుకుని కూడా పరిగెత్తే ఆ దేశపు ఆట అది, జట్టుకు పదిహేనుమంది.

ఉదయం తొమ్మిదింటికి ఆమె వంటింట్లోకి వచ్చేసరికి, వండాల్సిన దుంపలు బల్లమీద వరసలు కట్టి ఉన్నాయి. గోల్ దగ్గర ఒకటి, వెనక మూడు, మధ్యలో రెండు, ముందు మూడు.

"తొమ్మిదే," అన్నాడు కోల్మన్.

"మిగతావాళ్లేరీ?"

"ముగ్గురు పెళ్లి కాబోతున్న స్నేహితుడితో తాగడానికి గాల్వే పట్నం పోయారు. ఇద్దరు గడ్డి కోస్తున్నారు. ఒకడికి నడుం పట్టేసిందట."

"అయితే తొమ్మిదిమందితోనే ఆడదామని అవతలివాళ్లకి ఫోన్ చెయ్యి."

అది జిల్లాలో అన్నిటికన్నా కింది తరగతి లీగు. ఇద్దరు మేనేజర్లూ ఒప్పుకుంటే పదిహేనుమందికి బదులు పదకొండుమందితోనో తొమ్మిదిమందితోనో ఆడుకోవచ్చు. ఎవరో ఒకరు ముందు నోరు తెరిచి అడగాలి, అంతే. కానీ ఈ వారం అవతలి జట్టు కిల్‌బ్రాక్. దాని మేనేజర్ ఫింటన్, అసంప్టాకు స్వయానా అన్న.

"మీ అన్నని నేనడగాలా? క్రిస్మస్ దాకా నన్ను నంజుకు తింటాడు!"

ఆమె దుంపల వంక చూసింది. పదిహేనుకు ఒక్కడు తగ్గితే ఆ ఒక్కడూ ఎవరవుతాడో ఆమెకు తెలుసు. ఫోన్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఏం బావా, ఎంతమందున్నారేంటి మీకు?" అన్నాడు కోల్మన్, ఏదో వాతావరణం గురించి అడిగినట్టు.

"మాకేం బావా, పదిహేనుమందీ ఉన్నారు. మీకు తక్కువైతే చెప్పు, మొహమాటపడకు. మనం మనం ఒకటి."

"మాకా? కూర్చోబెట్టడానికి బెంచీ చాలట్లేదు! నీకేమన్నా ఇబ్బందుంటే..."

"నాకెందుకూ ఇబ్బంది?"

"అయితే పదిహేనే."

"పదిహేనే."

లాభం లేదని అసంప్టా పెరట్లోకి వెళ్లి వదిన డెలియాకు ఫోన్ చేసింది. మగవాళ్ల సంగతి వాళ్లకు తెలియకుండా సర్దేద్దామని ఆమె ఉద్దేశం.

"వదినా, మీవాళ్లు సరిపోయారా?"

"అయ్యో, సరిపోవడమేంటి! జెర్సీలు చాలక నిన్న రాత్రి రెండు అరువు తెచ్చాం. మీకూ?"

"మా సంగతి అడక్కు వదినా. ముగ్గుర్ని రావద్దని బతిమాలుకోవాల్సి వచ్చింది," అంది అసంప్టా.

ఫోన్ పెట్టేశాక ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. నిమిషం ఆలోచించి, కోల్మన్ ఆట బూట్లు తీసుకుపోయి బొగ్గుల గదిలో దాచింది.

పూజ ఇంకా ముగియకముందే కోల్మన్ లేచి చర్చి గేటు దగ్గర కాపు కాశాడు. అది చూసిన మగవాళ్లు కొందరు ఫాదర్‌ గారి గది వెనక తలుపులోంచి జారుకున్నారు. కోల్మన్ ఈ చర్చిలో పెరిగినవాడు; అప్పటికే వెనక తలుపు దగ్గరికి చేరుకున్నాడు. అక్కడ నలుగురు దొరికారు. వాళ్లలో పోస్ట్‌మ్యాన్ మ్యాటీ వయసు నలభై నాలుగు.

"నేను ఆడి పదేళ్లయింది, బాబూ!"

"ఆడక్కర్లేదు. నిలబడు చాలు. లెక్కకి."

దారిలో, ఎవరి ఆవునో చూడడానికి వచ్చిన పశువుల డాక్టరు దొరికాడు. మొత్తం పద్నాలుగు.

ఒంటిగంటకు కోల్మన్ గట్టు దగ్గర, ఆట బూట్లు దొరక్క రబ్బరు బూట్లతో, చేతిలో మడత విప్పని పదిహేనో నంబరు జెర్సీతో నిలబడ్డాడు.

"పటం ఇంట్లోనే ఉందిగా," అన్నాడు మెల్లిగా.

"ఆయన ఇక్కడికీ చూస్తాడు," అంది అసంప్టా.

మైదానం అవతలి వైపు కిల్‌బ్రాక్ వాళ్లు పద్నాలుగుమంది నిలబడి ఉన్నారు. పదిహేనోవాడు ఫింటన్. అతని జెర్సీ పొట్ట దగ్గర ఆగిపోతే డెలియా కిందికి లాగుతోంది.

రెఫరీ వచ్చి ఇటూ అటూ చూశాడు. "ఇంతమందెందుకయ్యా? గురువారం ఈమెయిల్ చూడలేదా? ఎవరికీ మనుషులు దొరకట్లేదని ఈ వారం నుంచి ఈ తరగతికి పదకొండుమందే."

"చూశాం," అన్నారు బావలిద్దరూ ఒకేసారి.

అసంప్టా వచ్చి ఆ జెర్సీని భర్త చేతిలోంచి తీసుకుని తన సంచిలో పెట్టుకుంది. ఆమెకు ఆకాశం ఒక్కసారి తేటపడినట్టనిపించింది.

ఇక ప్రతి జట్టులోనూ ముగ్గుర్ని ఆపాలి. వెనక తలుపులోంచి పారిపోబోయినవాళ్లే ఇప్పుడు జెర్సీ విప్పేది లేదన్నారు.

"పొద్దున గడ్డం పట్టుకున్నావు. ఇప్పుడు నేను పనికిరానా?" అన్నాడు మ్యాటీ. "నా భార్యకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా!"

చివరికి అతన్నీ, పశువుల డాక్టర్నీ, ఇంకొకణ్నీ బతిమాలి పక్కకు పంపారు. కిల్‌బ్రాక్ వాళ్లు ముగ్గురు కూడా అలిగి వచ్చారు. ఆరుగురూ ఒక పాత బంతి పట్టుకుని వెనకనున్న చిన్న మైదానంలోకి వెళ్లిపోయారు.

అసలు ఆట మొదలైన ఇరవై నిమిషాలకు గట్టు మీద జనమంతా ఒక్కొక్కరే వెనక్కి తిరగడం అసంప్టా గమనించింది. ఆమె కూడా తిరిగింది. చిన్న మైదానంలో నలుగురికి నలుగురు ఆడుతున్నారు. చర్చికి వేసుకున్న తెల్లచొక్కా, భుజం మీదికి ఎగిరిన టై, రబ్బరు బూట్లు. బంతి గుండెలకు హత్తుకుని కోల్మన్ పరిగెడుతున్నాడు. అతని నడుం పట్టుకుని ఫింటన్ వేలాడుతున్నాడు.

"కోల్మన్!"

"జెర్సీ వేసుకోలేదు కదే!" అని అక్కణ్నుంచే అరిచాడు.

మరుక్షణం బావలిద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. అసలు ఆట సమానంగా ముగిసిందని రెఫరీ చెప్తేనే జనానికి తెలిసింది.

నాలుగింటికి డెలియా ఫోన్ చేసింది. "మీ ఆయన మోకాలెలా ఉంది?"

అసంప్టా కుర్చీ వైపు చూసింది. కోల్మన్ ఒక కాలు స్టూలు మీద చాపి, పళ్లు బిగబట్టి కూర్చున్నాడు.

"ఏముంది వదినా, జింకలా తిరుగుతున్నాడు. మా అన్నయ్యో?"

"ఆయనా అంతే, ఇప్పుడే నిచ్చెనెక్కి కప్పు బాగుచేస్తున్నాడు," అంది డెలియా. ఆమె వెనక ఎవరో పెద్దగా మూలిగారు.

ఆ సాయంత్రం రెండిళ్లలోనూ భోజనంలోకి బఠాణీలు లేవు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఆ బఠాణీ సంచులు రెండూ బావల మోకాళ్ల మీద ఉన్నాయి.