కినాంతి చీపురు వంతును జయించిన వైనము

మేఘములను తలపాగాగా చుట్టుకొని మెరాపి అగ్నిపర్వతము తీరికగా పొగ వదలుచున్న ఒకానొక సోమవారమున, మగెలాంగ్ పట్టణపు ఉన్నత పాఠశాలలో, కంప్యూటరు గది గడప వెలుపల ముప్పది జతల బూట్లు వీరులు దిగి విడిచిన రథములవలె బారులు తీరియుండగా, లోపల జరిగిన ఘోరసంగ్రామమును వినుడు. పోరు పది నిమిషములు. పర్యవసానము ఆరు నెలలు.

ఆ గదిని ఊడ్చుటకు దినమునకొక విద్యార్థి వంతు. వంతుల పట్టికను ఈమారు ప్రోగ్రాముతోనే వ్రాయవలెననియు, గంట మ్రోగునప్పటికి యంత్రము ఏది అచ్చు వేసిన అదియే గోడకెక్కి ఆరు నెలలు శాసనమగుననియు విద్యాత్మొకో మాష్టారు ఆనతిచ్చిరి. ఆ భారమును తలకెత్తుకొన్నది షోడశవర్షప్రాయ, మూషికయంత్రధారిణి, కించిద్గర్విష్ఠి యగు కినాంతి. పేర్ల వరుసలో తన పేరే మొట్టమొదట ఉంచుకొన్నది.

మీట నొక్కెను. తెరపై అక్షరసేన కదలివచ్చెను: సోమవారము కినాంతి. మంగళవారము కినాంతి. బుధవారము కినాంతి.

వెనుక కుర్చీలో వేయించిన సోయాగింజల టెంపే ముక్కను రహస్యముగా నములుచున్న పరిహాసశూరుడు గిలాంగ్ అది చూచెను.

“అబ్బో, అంతా నీ పేరేనే. శుభలేఖలా ఉంది. చీపురుతోనా పెళ్లి?”

“నోర్ముయ్‌రా. నీ కుర్చీ కింద రాలిన టెంపే చూసుకో ముందు.”

“నేనెందుకు? ఆరు నెలలూ నువ్వే చూస్తావుగా.”

అంతట ఆ ధీర, ఎడమచేతి వ్రేళ్లను దినములుగా, కుడిచేతి వ్రేళ్లను పేర్లుగా నిలిపి, యంత్రము నడచునట్లే ఒక్కొక్క ఆజ్ఞను నడిపించి చూచెను. ఎడమచేతి వ్రేళ్లు అయిదును వరుసగా ముడుచుకొన్నవి. కుడి బొటనవ్రేలు మాత్రము మొండిదున్నవలె కదలకుండెను. దినమును ముందుకు నడుపు ఆజ్ఞ వ్రాసినది గాని, పేరును నడుపు ఆజ్ఞ వ్రాయనే లేదు.

అప్పుడే గంట మ్రోగెను.

“సార్, గంట కొట్టేశారు. ఉన్నదున్నట్టే అచ్చు తీసేయండి,” అని గిలాంగ్ ధర్మపక్షమున నిలిచెను.

మాష్టారు కళ్లజోడు తీసి, అద్దముల మీద ఊది, చొక్కా అంచుతో మెల్లగా తుడువసాగిరి.

“జోడు తీస్తే నాకు గంట వినబడదు నాయనా,” అనిరి. “నువ్వు కానియ్యమ్మా.”

ఒక్క పంక్తి. పది వ్రేళ్ల శరవర్షము. ముద్రణయంత్రము మూలిగి, దగ్గి, పత్రమును ప్రసవించెను: సోమవారము కినాంతి. మంగళవారము గిలాంగ్. బుధవారము సెకార్.

ఇట్లు ఆరు నెలల చాకిరిని ఆరు వారములకొక్కమారుగా కుదించిన ఆ విజయశాలిని, ఆనాడు సోమవారమే గనుక, విజయధ్వజమైన చీపురును తానే ఎత్తవలసివచ్చెను. గది నలుమూలలను అద్దమువలె ఊడ్చెను. గిలాంగ్ కుర్చీ క్రింది టెంపే తునకలను మాత్రము, ఒక్కటియైన చెదరకుండ, చుట్టూ ఊడ్చి విడిచిపెట్టెను.

“అవి మంగళవారానివి,” అనెను.