దేశాలు కలిశాయి, మా పిన్ని పేరే కలవలేదు

పొరుగు దేశాలు ఎంత దగ్గరైతే జనం అంత కదలకుండా ఇంటిపట్టున ఉంటారు. ఇది మహాభాగ్యం! కాదనేవాళ్లు ముందు ఈ కాలమ్ పూర్తిగా చదవండి, తిట్లు తర్వాత చూసుకుందాం.

నాది స్వార్థమంటారా? అవును, స్వార్థమే. రంగూన్‌లో చిమిండైంగ్ బజారు పక్కన టేబులేసుకుని వీసా ఫారాలు నింపడం నా వృత్తి. బోర్డు మీద 'ఊ దండాసి', అంటే దండాసి గారు, అని నా పేరే ఉంటుంది గానీ, నాకు అన్నం పెట్టేది ఇరుగుపొరుగు దేశాలే. వాళ్లు కొత్త కూటమి కడితే ఫారానికి ఒక పేజీ పెరుగుతుంది. శిఖరాగ్ర సభ పెడితే ఫొటో సైజు మారుతుంది. స్నేహం మరీ ముదిరితే పది వేళ్ల ముద్రలు!

ఆ సభల ఫొటోలు చూస్తుంటారు కదా? పది పదకొండు దేశాల పెద్దలు వరసగా నిలబడి, చేతులు అడ్డంగా వేసి పక్కవాళ్ల చేతులు పట్టుకుంటారు. ఒప్పులకుప్ప తిరగబోతున్నారేమో అనిపిస్తుంది. తిరగరు, అంతే. చేతులన్నీ అలా చిక్కుపడిపోయాక పాపం గేటు ఎవరు తీస్తారు?

బంగాళాఖాతం కూటమి కథ ఇంకా ముచ్చటైంది. 1997లో నాలుగు దేశాలు తమ పేర్లలోంచి తలో అక్షరం తీసి దానికి పేరు పెట్టుకున్నాయి. ఆర్నెల్లకు మన బర్మా చేరింది. మధ్యలో మన దేశం కొత్త పేరులోని 'ఎమ్' ఇరికించారు. తర్వాత సముద్రం మొహం చూడని నేపాల్, భూటాన్ కూడా వచ్చి చేరాయి. ఇక అక్షరాలు ఇరికించే ఓపిక లేక, బిమ్స్‌టెక్ అన్న పేరు అలాగే ఉంచి దాని అర్థం మార్చేశారు! ఎవరైనా కిక్కురుమన్నారా? 'పాత అర్థానికీ కొత్త అర్థానికీ పొంతన లేదు, అఫిడవిట్ తెండి' అని ఏ కౌంటరైనా అడిగిందా? లేదే!

మా పిన్నికి మాత్రం ఆ సౌకర్యం లేదు.

పిన్నంటే అప్పలనరసమ్మ, మా అమ్మకి చెల్లెలు. డెబ్బై అయిదేళ్లు. అమ్మకీ పిన్నికీ పెద్దక్క కోటేశ్వరి, 1964లో ఇక్కడ బతుకుతెరువు పోయి, భర్తతో ఓడెక్కి శ్రీకాకుళం వెళ్లిపోయింది. ఆనాటి నుంచీ అక్కాచెల్లెళ్లు కలుసుకోలేదు. ఇప్పుడు పెద్దమ్మకి ఒక కన్ను పోయింది, రెండోది మసకబారుతోంది. ఈ ఒక్కటైనా ఉండగా నీ మొహం చూపించవే అని ప్రతి ఆదివారం ఫోనులో బతిమాలుతోంది. వీడియో కాల్ ఉంది కదా అంటారా? ఆ కంటికి ఫోనులో పిన్ని ఒక మచ్చలా కనిపిస్తోందట.

ఫారం నేనే నింపాను. పాతికేళ్ల అనుభవం మరి! 'పిన్నీ, ఇంటిపేరు?' అన్నాను. 'నర్సి' అంది. రాసేశాను.

ఇందులో తప్పేముంది? మా రంగూన్ తెలుగువాళ్లకి రెండు పేర్లు. గుర్తింపు కార్డు మీద ఉండే బర్మా పేరు బయటిపేరు, ఇంట్లో పిలుచుకునేది ఇంటిపేరు. వంశం పేరు రాసుకోవడానికి కార్డులో గడే లేదు, అదేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తూ లేదు. కార్డు ప్రకారం పిన్ని పేరు డా తాన్ మింట్, 'డా' అంటే ఆడవాళ్లకు 'గారు'. మరి ఈ నర్సి ఎవరని వీసా కౌంటరులో ఆవిడ అడిగింది. గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోలేదు. 'నిల్' అని రాస్తే, నిల్ తాన్ మింట్ గారి కార్డు తెమ్మన్నారు! పోనీ అక్క రాసిన ఉత్తరం పెడితే, కోటేశ్వరికీ తాన్ మింట్‌కీ ఒక్క అక్షరం కలవడం లేదు, తోబుట్టువులు ఎలా అయ్యారని అడిగారు. ఇన్ని దేశాలు సోదర దేశాలంటే నమ్మినవాళ్లు ఈ ఇద్దరినీ నమ్మలేరా అని నేను అనలేదు. నా టేబులు నాకు ముఖ్యం.

మొన్న నాలుగో ఫారం కూడా తిరిగొచ్చింది. పిన్నిని ఓదార్చాలి కదా! కూటముల చరిత్రంతా చెప్పాను. ఏ దేశం ఏ ఏడు చేరిందో, ఎన్ని ఒప్పందాలయ్యాయో, ఏదీ వదల్లేదు. ఆవిడ కిళ్లీ నములుతూ శ్రద్ధగా విని, ఇవేవీ లేని రోజుల్లో వాళ్ల నాన్న రంగూన్ ఎలా వచ్చాడని అడిగింది.

అప్పట్లో అదీ ఇదీ ఒకే దొర చేతికింద ఉండేవి. దొర మంచివాడని కాదు, రేవులో మూటలు మోయడానికి వాడికి మనుషులు కావాలి. తాత కళింగపట్నంలో టిక్కెట్టు కొని ఓడెక్కాడు, పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, ఇంటిపేరు అడిగినవాడూ లేడు. ఇదంతా గడగడా చెప్పేశాను. చెప్పాక నా మాట నాకే గుచ్చుకుంది.

పిన్ని కిళ్లీ ఉమ్మేసి వచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"అలగైతే ఈ దేసాలు కలవకముందటి ఓడకే నాకో టిక్కెట్టు సూడరా, దండాసీ. బేగి సూడు. అక్క కన్ను ఆగదు."