నడవమన్న బోర్డు

మన నగర పాలకులకు దండం పెట్టాలి. రోడ్డును బాగుచేయడం మానేసి, నన్ను బాగుచేయడం మొదలుపెట్టారు!

ఇదివరకు బస్సు రాకపోతే వాళ్లను తిట్టేవాళ్లం. ఫుట్‌పాత్ లేకపోయినా వాళ్లనే. ఇప్పుడా గొడవే లేదు. "మార్పు మీతోనే మొదలు. కారు వదలండి, నడవండి" అని మా వీధి చివర పెద్ద బోర్డు పెట్టారు. ఇంట్లో ఫ్యాను కొనాలన్నా నన్నడిగే నాథుడు లేడు. అలాంటిది ఊరి గాలి బాగోగులు మొత్తం తెచ్చి నా చేతుల్లో పెట్టారు. ఇంత గౌరవం నాకు అత్తగారింట్లో కూడా దక్కలేదు.

మా వీధికొచ్చే బస్సు ఎత్తేసినప్పుడు కొందరు గొణిగారు. ఎంత అమాయకులు! బస్సుంటే కారు ఎవడైనా వదులుతాడు. అందులో త్యాగం ఏముంది?

అందుకే సోమవారం నుంచి కారు తీయనని మా ఆవిడ ముందు ప్రతిజ్ఞ చేశాను. మా చిన్నది ఎగిరి గంతేసింది. బడికి నడిచి వెళదాం నాన్నా అని ఎన్నాళ్లుగానో ప్రాణం తీస్తోంది మరి. సోమవారం ఇద్దరం నడిచి బయల్దేరాం, వీధంతా ఒకటే కబుర్లు.

వీధి చివర బోర్డు ఎదురైంది. ఇనుప కాళ్లతో ఫుట్‌పాత్ మొత్తం ఆక్రమించి, నడవండి అంటోంది. దాన్ని దాటాలంటే రోడ్డు మీదకి దిగాలి. దిగాం. వెనక నుంచి వచ్చిన కారు అద్దం పిల్ల బ్యాగుని రాసుకుంటూ పోయింది. అది ఏడవలేదు గానీ, ఆ తర్వాత ఒక్క కబురూ చెప్పలేదు. బడి దాకా నా చెయ్యి వదల్లేదు.

ఇంటికి రాగానే రోడ్ల శాఖ ఇంజనీరుకి ఫోన్ చేశాను. పాపం, ఓపిగ్గా విన్నారు.

"బోర్డు జరపడమంటే విధాన నిర్ణయం సార్, టైం పడుతుంది. నడవడం మీ చేతిలో పని. అది ఇవాళే మొదలుపెట్టొచ్చు" అన్నారు.

మర్నాడు కారు తీశాను. మా వీధి నాన్నలందరూ తలా ఒక కారుతో, తలా ఒక పిల్లతో నా ముందూ వెనకా ఉన్నారు. సరిగ్గా బోర్డు దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది.

"దాన్ని పక్కకి జరిపితే మనం నడవొచ్చు కదా నాన్నా?" అంది చిన్నది వెనక సీట్లోంచి.

పసిపిల్లకి విధానాలేం అర్థమవుతాయి? ఆ బోర్డు నడిచేవాళ్ల కోసం కాదు. కార్లలో ఇరుక్కున్నవాళ్లు తీరిగ్గా చదువుకుని సిగ్గుపడడానికి పెట్టింది. అందరం బుద్ధిగా సిగ్గుపడ్డాం. పెట్టినవాళ్లు మాత్రం ఆ వరసలో లేరు.