ఎనిడ్ కొట్టుకుపోయిన ఉదయం

ఆ బుధవారం ఉదయానికి నారిస్ టనిక్లిఫ్ వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. టీ తాగడం, ఇంజను వేడెక్కనివ్వడం, తాళ్లు విప్పడం, స్టోన్ ఊరి రేవు వదిలి కాలువ వెంట దక్షిణంగా సాగిపోవడం. ఉద్యోగం చేసినన్నాళ్లూ అతను ఉత్తరాలు పంచాడు. ఆ దారిలో ఒక వంతెన ఉండేది. రోజూ దాని మీద సైకిలు ఆపి, కిందుగా పోయే పడవలను కనుమరుగయ్యేదాకా చూసేవాడు. ఉత్తరాలు ఆలస్యంగా అందిన వీధుల్లో అతనికి సోమరి అని పేరొచ్చింది. అది సోమరితనం కాదని, గుండెలో సలిపే కోరికని ఎవరికని చెప్పుకుంటాడు?

ఇప్పుడు పడవ తనదే. కొత్తది, ఆకుపచ్చది, పొడుగ్గా, సన్నగా, రంగు వాసన ఇంకా పోనిది. పక్కన బంగారు అక్షరాలతో 'ఎనిడ్' అని భార్య పేరు రాయించాడు. పడవ కోసం ఇల్లమ్మడానికి ఆమెను మెత్తబరచినవాటిలో ఆ పేరొకటి. పిల్లులు రెండూ వెంట రావాల్సిందేనన్నది ఆమె షరతు. నిన్న పడవలోకి అడుగుపెట్టినప్పటి నుంచీ ఎనిడ్ ముక్తసరిగానే మాట్లాడుతోంది. రాత్రి నిద్రలో లేచి, పాత ఇంట్లో వంటింటి గుమ్మం ఉండే వైపు వెళ్లి గోడకు తగిలింది కూడా.

"పిల్లుల పాదాలకి వెన్న రాయాలి," అంది టీ కప్పు దించుతూ. "మా అమ్మ ఇలాగే చేసేది. అదంతా నాక్కునేసరికి కొత్త చోటు అలవాటైపోతుంది. పాత ఇంటికి పారిపోవు."

"మరి నీకో?" అన్నాడు నారిస్.

"నాకు రాసేంత వెన్న లేదు," అంది ఆమె, నవ్వకుండా.

ముందు నల్లపిల్లి బెరిల్‌కు రాసింది. తరువాత ఎర్రపిల్లి లూడోను చంకనేసుకుని పడవ ఆ చివరనున్న పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నారిస్ ఇంజను వేడెక్కడానికి ఆన్ చేసి వచ్చి, రంగు వాసనకు తల తిరిగి, పక్క తలుపు బెత్తెడు తెరిచాడు. బెరిల్‌కు బెత్తెడు చాలు. బయటికి దూరి, ఒక్క గంతులో పడవ కప్పెక్కింది. కొత్త పాలిష్ మీద నాలుగు వెన్న పాదాలు! ఈ చివరి నుంచి ఆ చివరికి జారుకుంటూ పోయి, పూలకుండీని గుద్దుకుంది. పెద్ద చప్పుడుతో ఏదో నీళ్లలో పడింది. నారిస్ గట్టు మీదికి దూకి చూసేసరికి సుడులు తప్ప ఏమీ లేవు.

"బెరిల్ పడిపోయింది! నీళ్లలో పడిపోయింది!"

పక్క పడవలో పంది మాంసం వేయించుకుంటున్న ముసలి గాస్లింగ్ పెనం వదిలేసి వచ్చాడు.

"ఈతొచ్చా?"

"రాదు! నీళ్లంటేనే పడదు!"

"ఏం బట్టలేసుకుంది? చెబితే వెతకడం తేలిక."

"బట్టలేంటి! మెడలో ఎర్ర పట్టీ, అంతే!"

గాస్లింగ్ చెవి గోక్కున్నాడు. కొత్తగా పడవెక్కినవాళ్లు ఎలా తిరగాలన్నది వాళ్ల ఇష్టం. "లావా, సన్నమా?"

"లావే. రాత్రంతా నా గుండెల మీదే పడుకుంది, ఊపిరాడలేదు."

"అవన్నీ ఇప్పుడెందుకయ్యా! ఆడమనిషి నీళ్లలో పడింది, రండ్రా బాబూ!" అని గాస్లింగ్ కేకేశాడు. కుక్కల్ని తిప్పుతున్నవాళ్లు పరిగెత్తుకొచ్చారు. టీ కొట్టు ఆవిడ గెడ పట్టుకొచ్చింది. తాడు కావాలన్నారెవరో. గాస్లింగ్ చేతికందిన రెండు తాళ్లూ విప్పి, ముడేసి నీళ్లలోకి విసిరాడు. ఆ తాళ్లు ఏ పడవను గట్టుకు కట్టి ఉంచాయో ఎవరూ చూడలేదు. ఆకుపచ్చ పడవ మెల్లగా గట్టు వదిలింది.

"అయ్యో! ఎనిడ్! ఎనిడ్ కొట్టుకుపోతోంది!"

"ఇద్దరా?" అన్నాడు గాస్లింగ్. టీ కొట్టు ఆవిడ నారిస్‌ను ఎగాదిగా చూసింది.

అప్పుడు పడవ వెనక తలుపు తెరుచుకుంది. ఒక చేత్తో వెన్న గిన్నె, ఇంకో చంకలో లూడో, కళ్లు ఎర్రగా, ఎనిడ్ బయటికొచ్చింది.

"ఏమిటీ జాతర? ఎవరు పడ్డారు?"

"మీరేనమ్మా," అన్నాడు గాస్లింగ్. "ఇద్దరిలో ఒకరు."

"చుక్కాని పట్టుకో!" అరిచాడు నారిస్. "ఆ ముందున్న వంతెనకి గుద్దుకుంటుంది! ఆ లివరు కొంచెం ముందుకి తొయ్యి!"

"ఎటు తిప్పనూ?"

"కుడికి పోవాలంటే ఎడమకి!"

"అదేం న్యాయం?" అంటూనే ఆమె గిన్నె కింద పెట్టి చుక్కాని అందుకుంది. పడవ ముక్కు కాసేపు తటపటాయించి, వంతెన నడుమనుంచి నూలు పట్టినట్టు దూరిపోయింది. అటు తేలగానే కప్పు మీది టార్పాలిన్ మడతల్లోంచి బెరిల్ బయటికొచ్చి, ఇప్పుడు ఖాళీగా ఉన్న పూలకుండీ చోట పాదం నాక్కుంటూ కూర్చుంది.

"అదిగో బెరిల్!" అన్నాడు నారిస్.

గాస్లింగ్ పిల్లిని చూశాడు, దాని మెడలోని ఎర్ర పట్టీని చూశాడు. మాడిన వాసన వస్తున్న తన పెనం దగ్గరికి వెళ్లిపోయాడు.

నారిస్ గట్టు వెంట పరిగెత్తాడు. పరిగెత్తనక్కర్లేదని త్వరగానే తెలిసింది. పడవది మనిషి నడకే. "ఎనిడ్, లివరు వెనక్కి లాగితే ఆగుతుంది!"

"తెలుసులే!" అంది, లాగకుండా.

గాలికి జుట్టు ముఖం మీద పడుతుంటే భుజంతో తోసుకుంటోంది. ఆ ముఖంలో ఏదో వెలుగుతోంది. దాన్ని చివరిసారి ఎప్పుడు చూశాడో నారిస్‌కు గుర్తు రాలేదు. ఆ ఇంట్లో అయితే కాదు. ఇన్నేళ్లూ పడవే కావాలనుకున్నాడు. పడవలో ఆమె ఇలా నిలబడి ఉండాలన్నదే అసలు కోరికని ఇప్పుడు తెలిసింది. తెలిసేసరికి తను మాత్రం అక్కడ లేడు. మధ్యలో నాలుగడుగుల నీళ్లున్నాయి, అవి తరగడం లేదు.

పడవల్ని కింది మట్టానికి దించే లాకు దగ్గర ఎనిడ్ పడవను పువ్వు దించినట్టు ఆపింది. నారిస్ పడవెక్కడానికి కాలెత్తాడు.

"ఆగాగు! గేట్లెవరు తీస్తారు?"

తీశాడు. వేశాడు. నీళ్లు దిగుతుంటే పడవా, పిల్లులూ, భార్యా అతని కాళ్ల కిందికి దిగిపోయాయి. తడిసిన రాతిగోడల మధ్యనుంచి ఎనిడ్ తలెత్తి చూసింది.

"నారిస్! ఇందులో ఎంత హాయిగా ఉందో తెలుసా?"

"ఇంకా తెలీదు," అన్నాడు నారిస్ పైనుంచి.

"ఆ ముందు లాకు దాకా నడిచొచ్చెయ్యి. మళ్లీ ఆపితే ఇంత బాగా కుదురుతుందో లేదో."

సాయంత్రం టీ వేళకు కొత్త పడవ తొలి ప్రయాణం సుఖంగా ముగిసింది, నారిస్ కుడి బూటు అడుగు మాత్రం ఊడిపోయింది.